పాటల పెట్టెయు ప్రకటనల పాటయు

పాట వినవలెనను కోరిక కలవారికే గాని లేనివారికి లేదని యెవరును చెప్పజాలరు. మన డోను చుట్టుపట్ల రాతిగనులలో పగలెల్ల పనిచేసి ప్రొద్దు గ్రుంకిన పిమ్మట ఇల్లు చేఱు కూలివాడును, జంక్షనులో రాత్రి బండ్లకు జెండా చూపు రైల్వే ఉద్యోగియు, వేరుసెనగ చేలలో కలుపు తీయు స్త్రీలును, పరీక్షలకు చదివి చదివి అలసిన బాలుడును, అందఱును పాటను కోరువారే. ఆ కోరిక తీర్చుటకై చేతబట్టుకొని పోదగిన పాటల పెట్టెలు నేడు బజారున కుప్పలు తెప్పలుగా దొరకుచున్నవి. కొన్నిటికి బ్లూటూతు కలదు; కొన్నిటికి మెమరీకార్డు కలదు; కొన్నిటిలో పాటలు ముందుగనే నింపబడియున్నవి. చెవిలో పెట్టుకొనునవి కొన్ని, మెడకు తగిలించుకొనునవి కొన్ని, బిందెయంత పెద్దవి కొన్ని. పండుగ దినములు సమీపించిన కొలదియు, పదవ తరగతి ఫలితములు వెలువడిన వెంటనేయు, ఇట్టి వస్తువు నొకదానిని కొనిపెట్టుమని పిల్లలు తల్లిదండ్రులను వేడుట మన మెఱిగినదే.

ఇందు తప్పేమియు లేదు. అయితే ఆ పెట్టెకై వెచ్చించు ధనము కొన్ని యిండ్లలో పది దినముల కూలి. అది రాయలసీమ యెండలో సంపాదించిన కూలి. దానిని పుచ్చుకొనువాడు అట్టపెట్టె మీద అచ్చొత్తిన అంకెలను చూపి పుచ్చుకొనుచున్నాడు. ఆ అంకెలకు అర్థమేమో కొనువానికి తెలియదు. అనేక పర్యాయములు అమ్మువానికిని తెలియదు. ఉన్నత పాఠశాలలో నేర్పబడు భౌతికశాస్త్రమును, అంతకు ముందే ముగియు గుణకార భాగహారములును ఆ అంకెల మర్మమును విప్పుటకు చాలునని నా అభిప్రాయము. చదువు పరీక్షకాగితము మీదనే గాక అంగడిలో కూడ అక్కఱకు రావలయును గదా!

ప్రకటనల వింత నేటిది కాదు. గ్రామఫోను కొమ్ము నెదుట చెవి రిక్కించి కూర్చున్న కుక్కబొమ్మను చూడనివారు మన పెద్దలలో అరుదు. దానిని చిత్రించినవాడు ఫ్రాన్సిస్ బరాడ్ అను ఆంగ్లేయుడు. 1898 ప్రాంతమున ఆయన చిత్రించినప్పుడు ఆ కుక్క వినుచుండినది గ్రామఫోనును కాదు. మైనపు గొట్టము తిరుగు ఫోనోగ్రాఫును. ఫోనోగ్రాఫు వ్యాపారులు ఆ పటము తమకు వలదనిరి. గ్రామఫోను కంపెనీవారు మాత్రము, ఆ యంత్రమును తుడిచివేసి దాని చోట మా యంత్రమును చిత్రించినచో కొందుమనిరి. బరాడు అట్లే చేసెను. 1899లో 100 పౌనులకు బేరము కుదిరెను. యజమాని కంఠస్వరమును విశ్వాసముతో గుర్తుపట్టిన ఆ కుక్క నిజముగా ఏ యంత్రమునెదుట కూర్చుండెనో లోకమంతయు మఱచిపోయినది! నేను దీనిని పెద్ద నేరమని చెప్పను. ఐనను యంత్రముల ప్రకటన యెట్టిదో తెలిసికొనుటకు ఇంతకంటె చక్కని బొమ్మ దొరకదు.

ఎడిసనుగారి కంపెనీవారు మఱియొక అడుగు ముందుకు వేసిరి. 1915 మొదలు వారు అమెరికా పట్టణములలో సభలు కూర్చి, వేదిక మీద గాయనిని, ఆమె ప్రక్కన యంత్రమును నిలిపి, దీపము లార్పి, ఇప్పుడు పాడుచున్నది మనుష్యురాలా, యంత్రమా చెప్పుడని సభికుల నడుగుచుండిరి. సభికులు భేదము కనుగొనలేకపోయిరని పత్రికలు వ్రాసెను. ఆ సభలలో పాడిన అన్నా కేస్ అను గాయని, తాను యంత్రపు గొంతునకు సరిపోవునట్లు తన కంఠమును తగ్గించి పాడుచుంటినని చాలకాలమునకు తరువాత చెప్పినది. అనగా యంత్రము మనుష్యుని వలె పాడలేదు. మనుష్యురాలే యంత్రము వలె పాడినది. నేడు అంగడిలో మనకు వినిపించు "డెమో" పాట కూడ ఈ జాతిదే. ఆ పెట్టె ఏ పాటను బాగుగా పలుకునో ఆ పాటనే దానిలో నింపియుంచెదరు. దానిని గుఱించి తరువాత చెప్పెదను.

మన దేశమునకు ఈ విద్య వచ్చినది 1902లో. ఆ సంవత్సరమున కలకత్తాలో పాటలను పట్టి, పళ్లెములు అచ్చువేయుటకు జర్మనీ దేశపు హనోవరు నగరమునకు పంపిరి. 1908 నాటికి కలకత్తాలోనే కర్మాగారము వెలసెను. అటుపిమ్మట నాటకముల పద్యములు రికార్డులకెక్కి తెలుగుదేశమున పల్లెపల్లెకును వ్యాపించినవి. చేతబట్టుకొని పోదగిన గ్రామఫోను పెట్టెయు ఆ కాలపుదే. 1914లో లండనునందు అమ్మకమునకు వచ్చిన డెక్కా పెట్టె మొదటి ప్రపంచయుద్ధమున సైనికులతోగూడ కందకములలోనికి పోయినది. కీలు తిప్పిన పాడును, కీలు దిగిన ఆగును. దాని మీద వాట్ల లెక్క యేదియు లేదు. మోసమున కెడమంతగా లేకపోయినందున కాబోలు, నాటి ప్రకటనలు సోయగమును గుఱించియు, హోదాను గుఱించియు మాటలాడెనే కాని అంకెలను గుఱించి మాటలాడలేదు.

అంకెల వ్యాపారము ట్రాన్సిస్టరుతో ఆరంభమైనది. అమెరికాలో 1954లో వెలువడిన మొదటి చిన్న ట్రాన్సిస్టరు రేడియోలో నాలుగు ట్రాన్సిస్టరులుండెను. తరువాతి రేడియోలలో ఆఱు, ఎనిమిది వచ్చెను. ఎన్ని యెక్కువయిన అంత మంచిదని జనులు తలచుటచే 1960 తరువాత కొందఱు తయారీదారులు పదునాలుగు, పదునాఱు అని పెట్టె మీద అచ్చువేయ మొదలిడిరి. మూత విప్పి చూచినవారికి కనబడిన దేమనగా, వానిలో కొన్ని ఏ పనియు చేయక ఊరక అతికింపబడినవి, మఱికొన్ని ఒక్క కాలు మాత్రమే తగిలింపబడినవి. లెక్కకు పదునాఱు ఉన్నమాట నిజమే. అబద్ధమాడకయే మోసగించుట యెట్లో ఈ పదునాఱింటిని చూచి నేర్చుకొనవచ్చును.

ఇక మన దేశములో, మన తల్లిదండ్రుల కాలములో, ఇంతకంటె ఘనమైన ముచ్చట జరిగినది. 1990 ప్రాంతము మొదలు ఇరువదియేండ్ల పాటు టేపురికార్డరుల మీదను, స్పీకరుల మీదను "పి.ఎం.పి.ఓ." అను నాలుగక్షరములు మెఱయుచుండెను. 200 వాట్లు, 600 వాట్లు, 1000 వాట్లు, ఇంకను పైకి! ఎఱ్ఱని నక్షత్రపు గుర్తులో తెల్లని అంకె. ఎక్కువ అంకె గల పెట్టెను కొనుటయే తెలివియని యింటింటను నమ్మిరి. ఒక సంగతి మాత్రము ఎవరును విచారింపలేదు. మన యింటి ఇస్త్రీపెట్టె 1000 వాట్లది. దానిని తగిలించినంతనే తీగ వెచ్చబడును, మీటరు పరుగెత్తును. సీలింగు పంకా సుమారు 75 వాట్లది. ఆఱు టార్చిలైటు బ్యాటరీలతో పాడు పెట్టె 1000 వాట్ల శబ్దము నెట్లు పుట్టించును? ఆఱు బ్యాటరీలు కలిపిన 9 వోల్టులు. వానినుండి ఒక ఆంపియరు విద్యుత్తు లాగిన 9 వాట్లు. అంతకు మించి లాగిన బ్యాటరీలు కొద్దిసేపటిలో నీరసించును. శక్తి లేని చోటనుండి శక్తి పుట్టదని మనము పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకొందుము. అంగడికి పోయినప్పుడు ఆ నియమమును పుస్తకములోనే వదలి పోవుదుము.

ఈ పి.ఎం.పి.ఓ. అనునది క్షణములో అతిస్వల్ప భాగము మాత్రము, శబ్దము ఎంత చెడినను లక్ష్యపెట్టక, అన్ని స్పీకరులను కలుపుకొని లెక్కగట్టిన ఊహాశక్తి. దానిని కొలుచుటకు అందఱు అంగీకరించిన పద్ధతి యేదియు లేదు. ఒక్కొక్క తయారీదారుడు తనకు తోచిన లెక్క వేసికొనవచ్చును. పరుగుపందెములో ఎవని గడియారము వానిదే యైనచో ఓడువాడెవడు? దీనికి బదులుగా "ఆర్.ఎం.ఎస్." అని వ్రాయబడిన అంకె ఎడతెగక ఇయ్యగల శక్తిని సూచించును, కాబట్టి అది చిన్నదిగా నుండును. చిన్నదిగా నుండుటయే దాని గౌరవము. అమెరికా దేశమున ఇండ్లలో వాడు ఆంప్లిఫయరులను ప్రకటించునప్పుడు ఎడతెగని శక్తినే చెప్పవలెనని 1974లోనే ప్రభుత్వము నియమము చేసినది. మన దేశమున మాత్రము ఆ నాలుగక్షరములు ఏండ్ల తరబడి ఏ యడ్డును లేక రాజ్యమేలెను.

ఇందులో ఇంకొక చమత్కారము కలదు. వాట్లు రెట్టింపయిన శబ్దము రెట్టింపు కాదు. శక్తి రెట్టింపయిన 3 డెసిబెలులు మాత్రమే పెరుగును. జాగ్రత్తగా వినువానికే ఆ భేదము తెలియును. చెవికి రెట్టింపుగా తోచవలెనన్న శక్తి సుమారు పదిరెట్లు కావలయును. కాబట్టి 5 వాట్ల పెట్టెను వదలి 10 వాట్ల పెట్టెకు రెట్టింపు వెల యిచ్చినవాడు, అదొక్కటే కారణమైనచో, దాదాపు ఏమియు కొనలేదు.

ఆ పాత పెట్టెలు పోయినవి. క్రొత్తవాని మీద క్రొత్త అంకెలు వచ్చినవి. ఒక ఉదాహరణము తీసికొందము. ఇది ఏ యొక్క కంపెనీకిని చెందినది కాదు, లెక్కకై నేను కల్పించినది. పెట్టె మీద మూడు మాటలున్నవనుకొనుడు: శక్తి 10 వాట్లు, బ్యాటరీ 1200 మిల్లీఆంపియరు గంటలు, పాడు కాలము 12 గంటలు. ఇట్టి బ్యాటరీకి సాధారణముగా 3.7 వోల్టులుండును. 1.2ను 3.7చే గుణింపగా 4.44 వాటుగంటలు వచ్చును. ఇది తొట్టిలోని నీరు. 10 వాట్ల చొప్పున 12 గంటలు పాడుటకు 120 వాటుగంటలు కావలయును. తొట్టిలో నున్నదానికి ఇది ఇరువదియేడు రెట్లు! మఱి తయారీదారుడు అబద్ధమాడెనా? ఆడలేదు. మెల్లగా, ప్రక్కవానికి మాత్రమే వినబడునట్లు పాడించిన 0.37 వాట్ల చొప్పున 12 గంటలు పాడగలదు. గట్టిగా అఱపించిన, ఆ క్షణమున 10 వాట్లు ఇయ్యగలదేమో. అప్పుడు అరగంట గడువకముందే మూగపోవును. రెండు మాటలును వేఱువేఱుగా నిజములు కావచ్చును. ఒక్కసారి నిజములు కాజాలవు. అచ్చువేసినవారు వానిని ప్రక్కప్రక్కన కూర్చుండబెట్టుటలోనే ఉన్నది నేర్పంతయు. ఏ యంకెను చూచినను "ఎంత గట్టిగా పాడినప్పుడు?" అని అడుగుట అలవాటు చేసికొనవలెను.

మఱియొక ప్రసిద్ధమైన అంకె "20 నుండి 20,000 హెర్ట్‌జులు" అనునది. మనుష్యుని చెవి వినగల మేర అదియే యని శాస్త్రగ్రంథములు చెప్పుచున్నవి. వయసు మీఱిన కొలదియు పై మేర తగ్గును. అరచేతిలో ఇముడు స్పీకరు 20 హెర్ట్‌జుల మంద్రధ్వనిని వినబడునట్లు పలుకుట అసంభవము. అంత చిన్న పొర అంత గాలిని కదలింపజాలదు. ఆ యంకె పక్కన "ఇన్ని డెసిబెలుల తేడాతో" అను మాట లేనిచో అది పెట్టె గుణమును తెలుపుట లేదు, మన చెవి గుణమును మనకే తిరిగి అమ్ముచున్నది.

పెద్దధరల సామానులలో మోసము మఱింత నాగరికముగా నుండును. 1982లో వచ్చిన కాంపాక్టు డిస్కులో శబ్దమును క్షణమునకు 44,100 మారులు కొలిచి, ఒక్కొక్క కొలతను 16 బిట్లతో వ్రాసిరి. అందులో సగము, అనగా 22,050 హెర్ట్‌జుల వఱకు గల ధ్వనులను ఆ పద్ధతి పట్టగలదు. అది మన చెవి కందు మేరకు మించినదే. ఐనను నేడు 96,000 అనియు, 192,000 అనియు, 24 బిట్లనియు చెప్పి పాడు పెట్టెలను వేలకొలది రూపాయల కమ్ముచున్నారు. అమెరికాలో మేయరు, మోరన్ అను ఇరువురు దీనిని ఒక సంవత్సరమునకు పైగా పరీక్షించి 2007లో ప్రకటించిరి. శ్రేష్ఠమైన పరికరములతో, చెవి తీఱిన శ్రోతలకు, హెచ్చు కొలతల పాటను ఒకసారియు, దానినే కాంపాక్టు డిస్కు మేరకు దింపి ఒకసారియు వినిపించి, ఏది యేదియో గుర్తింపుడనిరి. 554 ప్రయత్నములలో సరియైన సమాధానములు 276. బొమ్మా బొరుసా ఆడినను అంతే వచ్చును. ఇట్లుండగా 2014లో నీల్ యంగ్ అను ప్రసిద్ధ గాయకుడు 399 డాలర్ల "పోనో" అను పెట్టెకై జనులను చందా లడుగగా 60 లక్షల డాలర్లకు మించి పోగైనది. 2017 నాటికి ఆ వ్యాపారము మూతపడెను. గాయకుని ఉద్దేశము మంచిదే కావచ్చును. కాని మంచి ఉద్దేశము చెవికి క్రొత్త శక్తి నియ్యదు గదా.

"ఇన్ని వేల పాటలు" అను మాటను కూడ గుణించి చూడవలెను. 2001 అక్టోబరులో ఆపిల్ కంపెనీవారు ఐపాడ్ అను పెట్టెను తెచ్చి, జేబులో 1000 పాటలనిరి. దానిలో 5 గిగాబైటుల చోటుండెను. భాగించిన పాటకు 5 మెగాబైటులు. నాలుగు నిమిషముల పాట, క్షణమునకు 160 కిలోబిట్లు చొప్పున, ఇంచుమించు అంతే యగును. ఆ లెక్క సరియైనదే, దాచినదేమియు లేదు. మంచి ప్రకటనయు లోకములో కలదనుటకు దీనిని చెప్పుచున్నాను. దీనికి భిన్నముగా, బజారులో చౌకగా దొరకు కొన్ని మెమరీకార్డులు 64 గిగాబైటులని చెప్పుకొని 8 మాత్రమే పట్టునవి కలవు. కంప్యూటరునకు తగిలించిన 64 అనియే చూపును. నింపిచూచిన తరువాత గాని, మొదటి పాటలు చెడిపోయిన తరువాత గాని గుట్టు బయటపడదు. కొన్న దినముననే నిండుగా నింపి మఱల వినిచూచుట తప్ప వేఱు ఉపాయము లేదు. ముందుగా నింపిన పాటల పెట్టెలు వేఱు తెగ. 2017లో సరేగమ కంపెనీవారు 5000 హిందీ పాటలతో కారవాన్ అను పెట్టెను తెచ్చిన పిమ్మట ఆ తీరువి బహుళమైనవి. వృద్ధులకు అవి సుఖమే. మీటలు నొక్కిన పాడును, ఫోను జంజాటము లేదు. 5000లో మీ యింటి తాతగారు వినగోరునవి ఎన్ని యను పట్టికను చూచుకొనుట మాత్రము కొనకముందు చేయవలసిన పని.

ఇట్టి అంకెలన్నిటికిని దూరముగా నిలిచిన పెట్టె యొకటి కలదు. దానిని మిషను పనివారు తప్పక ఎఱిగియుందురు. జాయ్ రిడ్డర్‌హాఫ్ అను అమెరికా దేశపు మిషనెరీ 1939లో లాస్ ఏంజలీసు నగరమున సువార్త రికార్డుల సంస్థను స్థాపించినది. చదువురాని పల్లెజనులకు వారి వారి భాషలలోనే వాక్యము వినిపించుట దాని పని. ఆ సంస్థవారు తరువాత ఒక అట్టముక్కను గ్రామఫోనుగా మలచిరి. మడిచిన అట్ట, దానికొక సూది, క్రింద రికార్డు; ఆ రికార్డును పుల్లతో గాని పెన్సిలుతో గాని చేత త్రిప్పవలెను. బ్యాటరీ లేదు, కీలు లేదు, చెడుటకు భాగమే లేదు. శబ్దము సన్ననిది, త్రిప్పుట తప్పిన స్వరము వంకర పోవును. ఐనను ఎవనికి ఏది వినవలెనో వానికి అది వినబడెను. దాని మీద "ఇన్ని వాట్లు" అని వ్రాసినవారు లేరు. సోనీ కంపెనీవారు 1979 జూలైలో తమ వాక్‌మన్ పెట్టెను తెచ్చినప్పుడు కూడ పడుచువారిని టోకియో వీథులలో నడిపించి, దారినపోవువారి చెవులకు దానిని తగిలించి వినుడనిరి. ఆ పెట్టెకు రికార్డు చేయు శక్తి లేదని పత్రికలవారు పెదవి విఱిచినను, విన్నవారు కొనిరి. చెవిని నమ్మి అమ్మిన వస్తువు, చెవిని నమ్మి కొన్న జనము.

కాబట్టి మనము కొనునప్పుడు ఏమి చేయవలెను? అంగడివాని పాటను వినకుడు. మీకు కంఠస్థమైన పాటను తీసికొనిపోవుడు. అందు మనుష్యుని గొంతు స్పష్టముగా నుండవలెను, మృదంగమో డోలకో ఉండవలెను, వయొలిను వంటి సన్నని నాదము నుండవలెను. ఒక్క డప్పుల మోత మాత్రమే యున్న పాటతో పెట్టె గుణము తెలియదు. మొదట మెల్లగా పాడించుడు. మాటలలో సకారములు చీలుచున్నవేమో, పల్లవిలోని మాటలు మాటలుగా తెలియుచున్నవేమో చూడుడు. పిదప పూర్తిగా హెచ్చించి, పెట్టె వణకి గిలగిల కొట్టుకొనుచున్నదేమో చూడుడు. రెండు పెట్టెలను పోల్చునప్పుడు రెంటిని ఒకే స్థాయిలో నుంచవలెను. ఎందుకనగా మన చెవికి గల దౌర్బల్యమొకటి వ్యాపారులందఱును ఎఱుగుదురు: ఏది ఇంచుక గట్టిగా పలుకునో అదే మంచిదని తోచును. తాను అమ్మదలచిన పెట్టెను ఒక మెట్టు హెచ్చించి వినిపించు అంగడివానితో తగవుపడ నక్కఱలేదు. మీరే చేయి చాచి ఆ మెట్టు దింపుడు.

మన ఊరికి ప్రత్యేకముగా రెండు మాటలు. వేసవిలో మన యెండ 40 డిగ్రీలు దాటుట సామాన్యము. లిథియము బ్యాటరీ వేడికి త్వరగా ముసలిదగును. రేకుల యింటిలో కిటికీ ప్రక్కన ఉంచిన పెట్టె, చల్లని దేశపు ప్రయోగశాలలో కొలిచిన ఆయుర్దాయమును మనకీయజాలదు. అందుచే బ్యాటరీని విప్పి మార్చుటకు వీలున్నదా యనునది వాట్లకంటె ముఖ్యమైన ప్రశ్న. మాఱదగిన బ్యాటరీ గల పాత తరహా పెట్టె, తళతళలాడుచు జిగురుతో అంటింపబడిన పెట్టెకంటె మనకు మేలు. రెండవది రాతిదుమ్ము. చార్జింగు రంధ్రమునకు మూత యున్నదా, స్పీకరు జల్లెడ సన్ననిదా యని చూచుటకు శాస్త్రమేమియు చదువ నక్కఱలేదు. ఊరిలోనే బాగుచేయువాడు ఏ తరహా పెట్టెలను చేతబట్టుటకు అంగీకరించునో ముందుగా అతనినే అడిగి రండు. ఆ ఒక్క ప్రశ్న అట్టమీది యంకెలన్నిటికంటె విలువైనది.

పెట్టె మీద భారత ప్రమాణముల సంస్థవారి నమోదు సంఖ్య యుండుట మంచిది. 2012 నాటి ఉత్తరువు మొదలుకొని అనేక విద్యుత్పరికరములకు అది క్రమముగా నిర్బంధమైనది. అయితే అది కాలిపోదు, షాకు కొట్టదు అను భద్రతకు గుర్తు, శ్రావ్యతకు కాదు. కొందఱు అమ్మకపువారు దానిని కూడ ప్రశంసాపత్రమువలె చూపుదురు.

ఇంటిలో కూర్చుండి ఫోనులోనే కొనువారికి చెవి పరీక్ష లేదు, బదులుగా నక్షత్రములున్నవి. వానిలో కొన్ని కూలికి వ్రాసినవని ప్రభుత్వమే గుర్తించి, 2022 నవంబరులో అట్టి అభిప్రాయములను సేకరించుటకు ఒక ప్రమాణము నేర్పరచినది. "రెండే మిగిలినవి, పది నిమిషములలో ధర పెరుగును" అని తొందరపెట్టుట కూడ 2023 నవంబరు నాటి కేంద్ర నియమములలో నిషిద్ధమైన మాయలలో నొకటిగా పేర్కొనబడినది. ఐనను ఆ గడియారములు నేటికిని తిరుగుచునే యున్నవి. ఒక రాత్రి నిద్రపోయి ఉదయమున చూచిన, ఆ రెండును ఇంకను రెండుగానే యుండుట మీరును చూచియుందురు. వడ్డీలేని వాయిదాల మాటయు నట్టిదే. సున్న వడ్డీ యనునది లేనేలేదనియు, అది వేఱొక రుసుము పేరుతో కొనువానినుండియే తఱచు రాబట్టబడుచున్నదనియు రిజర్వు బ్యాంకువారు 2013 సెప్టెంబరులో బ్యాంకులకు వ్రాసిరి. వెయ్యి రూపాయల పాటకు ఆఱు నెలల ఋణమా?

ప్రకటన లేనిదే క్రొత్త వస్తువు సంగతి మనకెట్లు తెలియునని కొందఱడుగుదురు. న్యాయమైన ప్రశ్న. డోను వంటి ఊరిలో ప్రకటన ద్వారముననే అనేక మంచి వస్తువులు మనకు తెలిసినవి. వస్తువున్నదని చెప్పుట ప్రకటన పని. అది మంచిదని తీర్పు చెప్పుట మన పని. రెండవ పనిని కూడ మొదటివానికే అప్పగించుటను మాత్రమే నేను కాదనుచున్నాను. గట్టిగా పాడుటయే గొప్పయను తలంపును కూడ తల్లిదండ్రులు ప్రోత్సహింపరాదు. ప్రపంచ ఆరోగ్యసంస్థవారు 2019లో నిర్ణయించిన మేర పెద్దలకు 80 డెసిబెలులు వారమునకు 40 గంటలు. పిల్లలకు 75 డెసిబెలులే. చెవిలో దూర్చుకొని గంటలకొలది వినువారు ఈ సంఖ్యను పెట్టె మీది సంఖ్యలకంటె ముందు చదువవలెను.

ఇంత చేసినను మోసపోయినచో చట్టమున్నది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము తప్పుదారి పట్టించు ప్రకటనను స్పష్టముగా నేరము క్రింద చేర్చినది. కొన్నవాడు తానుండు జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును. 5 లక్షల రూపాయల లోపు వస్తువులకు రుసుము లేదు. 1915 అను సంఖ్యకు ఫోను చేసినను సలహా దొరకును. కాని బిల్లు లేనివాని మొఱ ఎవరును వినజాలరు. బిల్లు లేకున్న కొంత తగ్గించెదమను మాట మన బజారులో వినబడుచునే యున్నది. ఆ తగ్గింపు నిజముగా హక్కును తూకము వేసి కొనుటయే. అట్టపెట్టెను కూడ పాఱవేయక దాచవలెను. అచ్చువేసిన వాగ్దానము దాని మీదనే గదా యున్నది.

చివరగా మన పాఠశాల విజ్ఞానశాస్త్ర సంఘమువారికి ఒక మనవి. చార్జరునకును పెట్టెకును మధ్య తగిలించు చిన్న కొలత యంత్రము స్వల్ప వెలకు దొరకును. అది లోనికి పోవు వోల్టులను, మిల్లీఆంపియరు గంటలను చూపును. ఒక శనివారము మధ్యాహ్నము విద్యార్థులు తమ యిండ్లలోని పాటల పెట్టెలను తెచ్చి, పూర్తిగా ఖాళీచేసి నింపునప్పుడు ఎంత పట్టినదో, ఒకే స్థాయిలో ఎన్ని గంటలు పాడినదో వ్రాసి, పెట్టె మీది యంకెకు ఎదురుగా ఆ యంకెను నోటీసు పలకపై అంటించిన బాగుండును. తెచ్చువారు చార్జింగు తీగను వెంట తెచ్చుట మఱువకుందురు గాక.